పరాయి ఊరికి సొంతవాడైన మనిషి – బిషప్ అజరయ్య

ఈ ఏడాది సావనీరుకి ఒక మహనీయుని జీవితం గురించి రాసిపెట్టమని విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు నాకు ముందుగా ఒక స్టీలు గ్లాసు గుర్తొచ్చింది. దాని సంగతి ముందు చెబితేగాని ఈ మనిషి కథ నేనెందుకు ఎంచుకున్నానో మీకు తెలియదు. అందుకని కొంచెం ఓపిక పట్టమని పాఠకులను కోరుతున్నాను.

నేను డిగ్రీ రెండో సంవత్సరం చదివేటప్పుడు ఎన్.ఎస్.ఎస్. క్యాంపుకు డోర్నకల్ వైపు ఒక పల్లెకు పోయాం. పది రోజులు. పగలు వీధులు ఊడ్చాం, ఇంకుడు గుంటలు తవ్వాం. రాత్రిళ్లు కందిలి పెట్టి అక్షరాలు నేర్పాం. పరిశుభ్రత గురించి, తాగుడు గురించి ఉపన్యాసాలు దంచాం. ఊరి చివర దళితవాడలోనే ఎక్కువ పని చేశాం కాబట్టి మాకు మేమే చాలా గొప్పగా అనిపించాం. ఆఖరి రోజు ఒక ముసలామె మమ్మల్ని తన గుడిసె ముందు ఆపింది. పది రోజుల నుంచి మాకు ఇన్ని నీతులు చెప్పారుగాని, ఒక్కనాడన్నా మా ఇంట్లో కూర్చున్నారా బిడ్డా అని నవ్వుతూనే అడిగి, గ్లాసుల్లో చాయ పోసి తెచ్చింది. మాలో కొందరు తీసుకుని తాగారు. నేను మాత్రం ఇప్పుడే తాగొచ్చానమ్మా అని అబద్ధం ఆడాను. ఆమె ఏమీ అనలేదు. ఆ గ్లాసు పట్టుకుని అట్లాగే లోపలికి పోయింది.

సాయంత్రం డోర్నకల్ జంక్షన్‌కి వచ్చాం. మేము ఎక్కవలసిన బండి మూడు గంటలు లేటు. మా వెంట వచ్చిన లెక్చరర్ గారు, ఊరికే ప్లాట్‌ఫారం మీద కూర్చోవడం ఎందుకని మమ్మల్ని ఊళ్లో ఉన్న పెద్ద చర్చి చూపించడానికి తీసుకుపోయారు. దూరం నుంచి చూసి నేను మసీదు అనుకున్నాను. గుమ్మటాలున్నాయి, మినార్లున్నాయి. లోపల స్తంభాలు చూస్తే దేవాలయ మండపంలా తోచింది. దానికి దగ్గర్లోనే ఒక సమాధి. అది ఎవరిదని అడిగాను. వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారిదని, తమిళుడని, 1910లో స్కాట్లండ్ దేశంలో తెల్లవాళ్ల మహాసభలో నిలబడి, మీరు మాకు అన్నీ ఇచ్చారుగాని స్నేహం ఇవ్వలేదు అనే అర్థం వచ్చేలా మాట్లాడిన మనిషి అని లెక్చరర్ గారు చెప్పారు. నాకు పొద్దుటి గ్లాసు గుర్తొచ్చి తల వంగిపోయింది. ఆనాటి నుంచి ఆయన గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను. క్రైస్తవులైన పాఠకులకు ఇందులో చాలా సంగతులు తెలిసినవే కావచ్చు. తక్కినవారికి కూడా పనికొస్తాయని నా నమ్మకం.

అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళై అనే చిన్న గ్రామంలో పుట్టారు. ఎర్ర ఇసుక నేలలు, తాటితోపులు ఉన్న ప్రాంతం అది. తాటిచెట్లెక్కి కల్లు గీసి, బెల్లం వండుకుని బతికే నాడార్ల సీమ. అగ్రవర్ణాల వారు ఆ కులస్థులను తక్కువ చూపు చూసేవారు. గుడిలోకి రానిచ్చేవారు కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఆ కులంలో వేలాదిమంది క్రైస్తవ మతం తీసుకుని, బడులు పెట్టుకుని, రెండు మూడు తరాల్లో పైకి వచ్చారు. అజరయ్య గారి తండ్రి థామస్ వేదనాయగం గారు మిషను బడిలో చదువుకునే రోజుల్లో మతం మారి, తర్వాత పల్లె గురువుగా పనిచేశారు. తల్లి ఎల్లెన్ గారు పెద్ద భక్తురాలు. ఎన్నో ఏళ్లు ఎదురుచూసిన తర్వాత పుట్టిన కొడుకు కాబట్టి, బైబిలులో హన్నా కన్న సమూయేలు పేరు ఈ పిల్లవాడికి పెట్టుకున్నారు.

మెజ్ఞానపురం, తిరునెల్వేలి మిషను విద్యాలయాల్లో చదివి, పై చదువుకు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. గణితం ఆయన అభిమాన విషయం. అయితే విద్యార్థి మిత్రులు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆయన డిగ్రీ పూర్తి కాలేదు. పట్టా చేతికి రాకుండానే కాలేజీ వదిలారు. అదే మనిషిని 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పిలిచి గౌరవ ఎల్.ఎల్.డి. పట్టం ఇచ్చింది. పరీక్ష తప్పినవాళ్లకు ఓదార్పుగా ఈ మాట చెప్పడం లేదు, చదువు మాత్రం శ్రద్ధగా చదవండి!

1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి, దక్షిణాదిలో ఊరూరా తిరిగి విద్యార్థుల మధ్య పనిచేశారు. ఆ పనిలోనే షెర్వుడ్ ఎడ్డీ అనే అమెరికా యువకునితో పరిచయమైంది. యేల్ విశ్వవిద్యాలయంలో చదువుకుని 1896లో మన దేశం వచ్చినవాడాయన. ఇద్దరూ కలిసి ప్రయాణం చేసేవారు, కలిసి ప్రార్థించేవారు, కలిసి పథకాలు వేసుకునేవారు. ఎడ్డీ తమిళం నేర్చుకున్నాడు. దొరల బంగళాల్లో దేశీయ ఉపదేశకులను వరండా దాటి రానివ్వని కాలంలో ఈ ఇద్దరి చెలిమి నలుగురూ వింతగా చెప్పుకున్న విషయం. తెల్లవాడికీ నల్లవాడికీ మధ్య స్నేహం అసాధ్యం కాదని అజరయ్య గారికి అనుభవపూర్వకంగా తెలిసింది ఇక్కడే. తర్వాత ఆయన ఎడిన్‌బరోలో అడిగింది ఊహలోంచి వచ్చిన కోరిక కాదు, తాను ఒకసారి రుచి చూసినదే.

1898లో ఆయన వివాహం అన్బు మరియమ్మాళ్ గారితో జరిగింది. కాలేజీ చదువు చదివిన క్రైస్తవ స్త్రీలను దక్షిణాదిలో వేళ్ల మీద లెక్కపెట్టే రోజుల్లో ఆమె కాలేజీ విద్యార్థిని. అన్బు అంటే తమిళంలో ప్రేమ. తరువాతి కాలంలో డోర్నకల్ పల్లెల్లో ఆడవాళ్ల మధ్య జరిగిన పనికి ఆమే వెన్నెముక. ఇటువంటి జీవిత చరిత్రల్లో భార్యల పేర్లు ఒక వాక్యంతో సరిపెట్టడం మన అలవాటు. నేనూ కొంతవరకు ఆ తప్పే చేస్తున్నానని తెలుసు.

1902లో ఆయన సింహళంలోని జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో ఒక మిషను సంఘం పెట్టుకుని, సముద్రం దాటి మన దేశంలోని తమిళ జిల్లాలకు సువార్తికులను పంపుతున్నారు. అది చూసి అజరయ్య గారికి సిగ్గేసింది. తిరునెల్వేలిలో తరతరాల క్రైస్తవులున్నారు, బడులున్నాయి, గుడులున్నాయి. అయినా మిషనరీ అంటే ఓడ దిగి వచ్చే తెల్లవాడు, మనం పుచ్చుకునేవాళ్లం అన్న భావమే అందరిలోనూ పాతుకుపోయి ఉంది. తిరిగి వచ్చి ఊరూరా ఈ మాటే చెప్పారు. ఫలితంగా 1903 ఫిబ్రవరి 12న తిరునెల్వేలి భారత మిషనరీ సంఘం పుట్టింది. మన మనుషులు, మన డబ్బు, మన యాజమాన్యం. ఇదే పద్ధతిలో దేశమంతటికీ 1905 డిసెంబరు 25న శ్రీరాంపూరులో, కేరీ గారి గ్రంథాలయంలో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణం అచ్చయింది ఆ శ్రీరాంపూరులోనే. బెంగాల్ విభజన మీద స్వదేశీ ఉద్యమం రగులుతున్న సంవత్సరం కదా 1905! ఆ గాలి చర్చిలోకి కూడా వీచిందనడంలో సందేహం లేదు.

తిరునెల్వేలి సంఘం తన పనికి ఎంచుకున్న చోటు మన మానుకోట, డోర్నకల్ ప్రాంతం. అప్పటికి అది నిజాం రాజ్యం. రాజభాష ఉర్దూ, జనం భాష తెలుగు. అడవులు, సింగరేణి బొగ్గుకు వేసిన రైలు కొమ్మ, దొరల గడీలు, వెట్టిచాకిరీ. తిరునెల్వేలి వాళ్లకు ఇది ఇంగ్లండంత దూరం కాకపోయినా ఇంగ్లండంత కొత్త. 1904లో మొదటి మిషనరీ అక్కడికి చేరాడు. అజరయ్య గారు మాత్రం కార్యదర్శిగా వేదికల మీద నుంచి యువకులకు పిలుపునిస్తూ ఉన్నారు. 1907లో టోక్యోలో జరిగిన ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య సభలకు కూడా వెళ్లొచ్చారు. ఇట్లా పది మందినీ పొమ్మని చెబుతున్న మనిషికి, నేనెందుకు పోలేదు అన్న ప్రశ్న ఎదురయింది. మామూలుగా మనం ఇటువంటి ప్రశ్నకు ఏదో ఒక జవాబు వెతుక్కుంటాం. ఆయన వెతుక్కోలేదు. వై.ఎం.సి.ఎ.లో పేరు, పలుకుబడి, దేశవిదేశాల ప్రయాణాలు అన్నీ వదిలి, 1909లో గురువుగా అభిషేకం పొంది, పెళ్లాం పిల్లలతో డోర్నకల్ చేరారు. మొదట్లో గుడారంలో కాపురం.

ముప్ఫై అయిదేళ్ల వయసులో ఆయన తెలుగు నేర్చుకోవలసి వచ్చింది. తమిళ లిపిలో మన ఖ, ఘ, ధ, భలకు వేరే అక్షరాలు లేవు. ఆ నోటికి మన ఒత్తులు పలకడం ఎంత కష్టమో, తమిళ మిత్రులున్నవారికి చెప్పనక్కరలేదు. నిన్నటి దాకా వేల మంది ముందు ధారాళంగా ఉపన్యసించిన మనిషి, పల్లెలో ఒక పసిపిల్లవాడు కూడా నవ్వగలిగే భాష మాట్లాడుకుంటూ తిరగాలి. పరాయి సమాజంలో పనిచేసే అనుభవం అంటే మొట్టమొదట ఇదేనని నాకనిపిస్తుంది. నేర్పడానికి వెళ్లినవాడు ముందుగా నేర్చుకోవలసి రావడం, పెద్దవాడు చిన్నవాడై కూర్చోవడం. మా క్యాంపులో మేము చెయ్యని పని ఇదే. మేము పది రోజుల్లో ఆ వాడవాళ్లను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆయన డోర్నకల్ వచ్చిన మరుసటి ఏడాదే ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. 1910 జూన్ నెల. సుమారు 1200 మంది ప్రతినిధులు. వారిలో ఆసియా దేశాల వాళ్లు ఇరవై మందికి మించి లేరు. విదేశీ మిషనరీలకూ దేశీయ సేవకులకూ మధ్య సహకారం గురించి మాట్లాడమని అజరయ్య గారిని కోరారు. మర్యాదకు నాలుగు కృతజ్ఞతా వచనాలు చెప్పి కూర్చున్నా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన అట్లా చెయ్యలేదు. మిషనరీల త్యాగాన్ని మనసారా మెచ్చుకున్నారు. ఆస్తులు పంచిపెట్టిన సంగతి, దేహాలను కాల్చుకునేటంత కష్టపడిన సంగతి భారత సంఘం ఎన్నటికీ మరవదన్నారు. ఆ తర్వాత అసలు విషయానికి వచ్చారు. ఏళ్ల తరబడి ఒకే చోట పనిచేస్తున్నా దేశీయ సేవకుణ్ణి ఇంటికి పిలిచి భోజనం పెట్టని మిషనరీలున్నారనీ, వాళ్ల ఇళ్లకు వెళ్లని వాళ్లున్నారనీ, సంబంధం యజమానికీ నౌకరుకీ మధ్య ఉన్నట్లుగా ఉందనీ దాపరికం లేకుండా చెప్పారు. డబ్బూ పదవీ పంచితే చాలదు, ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులు కావాలి అన్న అర్థంతో ముగించారు.

సభ నిశ్శబ్దమైపోయిందట. కొందరికి కోపం వచ్చింది. పాలకజాతి వాళ్ల ముందు, వాళ్ల ఖర్చుతో సభకు వచ్చిన నల్లవాడు ఇట్లా మాట్లాడవచ్చునా అని గొణిగినవాళ్లున్నారు. మరికొందరు ఆ మాటను జీవితాంతం మోసుకు తిరిగారు. ఈనాటికీ ప్రపంచంలో ఎక్కడ పరదేశ సేవ గురించి పాఠం చెప్పినా ఆ ఉపన్యాసం ప్రస్తావనకు రాక మానదు.

ఇక్కడ నాకొక సందేహం వచ్చేది. ఆ ఉపన్యాసం ఇచ్చిన మనిషి తిరిగి వచ్చింది ఎక్కడికి? డోర్నకల్‌కి. అక్కడ ఆయన చదువుకున్నవాడు, ఇంగ్లీషు వచ్చినవాడు, వేరే భాషవాడు, జీతం ఇచ్చేవాడు. పల్లెల్లోని మాల మాదిగ ప్రజల దృష్టిలో ఆయన కూడా దొరే కదా! ఎడిన్‌బరోలో తాను మిషనరీలను అడిగిన దాన్ని, ఇక్కడ తనను అడిగే హక్కు వీళ్లకు ఉంది. ఆ తర్వాత ముప్ఫై అయిదేళ్ల ఆయన జీవితాన్ని ఈ ఒక్క ప్రశ్నకు జవాబుగా చదువుకోవచ్చు.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో అజరయ్య గారిని డోర్నకల్ బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టి నడిపించకపోతే ఇది జరిగేది కాదు. తెల్ల మిషనరీలు ఒక నల్ల బిషప్ కింద ఎట్లా పనిచేస్తారని అభ్యంతరాలు లేచాయి. విచిత్రం ఏమిటంటే ఆయన సొంత తిరునెల్వేలిలో కూడా కులం, వర్గం పేరుతో వ్యతిరేకించినవాళ్లు బయల్దేరారు. ఇంకా విచారించవలసిన విషయం, 1945లో ఆయన చనిపోయేదాకా మన దేశంలో ఒక ఆంగ్లికన్ డయోసిస్‌కు పూర్తి అధికారంతో బిషప్‌గా ఉన్న భారతీయుడు ఆయన ఒక్కడే. తలుపు తెరిచారుగాని, ముప్ఫై రెండేళ్లపాటు ఇంకొకరిని రానివ్వలేదన్నమాట.

డయోసిస్ మొదట చిన్నది. తర్వాత దుమ్ముగూడెం, బెజవాడ, బందరు ప్రాంతాలు కూడా చేరి విశాలమయింది. ఆయన ఎడ్లబండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగేవారు. ఆ పల్లె జనాన్ని నలిపేస్తున్నవి నాలుగని ఆయన లెక్క. మురికి, జబ్బులు, అప్పులు, తాగుడు. అందుకని ప్రార్థనతో పాటు బడి, మందులు, సహకార పరపతి సంఘం కూడా చర్చి పనిలో భాగమే అయినాయి. ఈ జాబితా చదివినప్పుడు మా ఎన్.ఎస్.ఎస్. ఉపన్యాసాలే గుర్తొచ్చాయి. తేడా ఒక్కటే. మేము పది రోజులకు బండెక్కాం, ఆయన అక్కడే ఉండిపోయారు.

ఇంకో తేడా కూడా ఉంది. ఆయన ఆ జనాన్ని పుచ్చుకునేవాళ్లుగా ఉండనివ్వలేదు. బాప్తిస్మం పొందిన ప్రతివారి చేతా, తమ తల మీద తామే చెయ్యి పెట్టుకుని, ఈ సువార్త ఇతరులకు చెప్పే బాధ్యత నాది అన్న అర్థంతో ప్రమాణం చేయించేవారు. అక్షరం రాని కూలిమనిషి, దొర ముందు చెప్పు వేసుకుని నడవడానికి వీల్లేనివాడు, నేను ఇతరులకు ఇవ్వవలసినవాణ్ణి అని తన తల మీద తాను చెయ్యి వేసుకోవడం ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. అన్నం వండే ముందు ఇల్లాలు పిడికెడు బియ్యం చర్చి కోసం పక్కన తీసిపెట్టే అలవాటును ప్రోత్సహించారు. పేదవాళ్లు ఇవ్వలేరనుకోవడం కూడా వాళ్లను అవమానించడమే అని ఆయన భావం. క్రైస్తవుల దానధర్మం మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. 1940ల నాటికి డయోసిస్‌లో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. పనిచేసే గురువుల్లో అత్యధికులు మన తెలుగువాళ్లే.

నేను మసీదనుకున్న చర్చి సంగతి ఇప్పుడు చెబుతాను. ఇంగ్లండు నుంచి నమూనా తెప్పించి, గోపురం మీద కోడిపుంజు బొమ్మతో ఒక గోథిక్ చర్చి కట్టించడం ఆయనకు సులువు. అప్పటిదాకా అందరూ చేసిందదే. ఆయన మాత్రం నిజాం రాజ్యంలో జనం కళ్లకు అలవాటైన గుమ్మటాలు, మినార్లు, గుడి మండపాల్లోని స్తంభాలు కలిపి కట్టించారు. ఏళ్ల తరబడి సాగిన ఆ నిర్మాణం పూర్తయి 1939 జనవరి 6న ఎపిఫనీ కెథీడ్రల్‌గా ప్రతిష్ఠ జరిగింది. తూర్పు దేశపు జ్ఞానులు శిశువైన యేసును చూడవచ్చిన పండుగ అది. తూర్పు దేశం తన కానుక తాను తెచ్చుకోవాలన్నదే ఆ కట్టడం చెప్పే మాట. ఆరాధనలో కూడా ఇంగ్లీషు పాటల తర్జుమాలకంటే మన రాగాల్లో, మన తాళాల్లో ఉన్న తెలుగు క్రైస్తవ కీర్తనలకే పల్లెల్లో ప్రాణం ఉందని ఆయన గ్రహించారు. గుమ్మటం తమిళ దేశానిదీ కాదు, ఇంగ్లండుదీ కాదు. తాను పుట్టి పెరిగిన చర్చిలాంటిదే ఇక్కడా కావాలని ఆయన కోరుకోలేదు. పరాయి ఊళ్లో పనిచేసేవాడికి ఇంతకంటే పెద్ద పరీక్ష ఏముంటుంది?

అన్నీ విజయాలే అని రాస్తే అది జీవిత చరిత్ర కాదు, సన్మానపత్రం అవుతుంది. మాలలకూ మాదిగలకూ మధ్య దూరం చర్చిలోపలికి కూడా వచ్చింది. ఒకే బల్ల దగ్గర, ఒకే గిన్నెలో ప్రభు భోజనం పుచ్చుకోవాలని ఆయన పట్టుబట్టారు. కొంత సాధించారు, చాలా మిగిలిపోయింది. ఆ మిగిలినదాన్ని మన తరం కూడా పూర్తిచేయలేదని ఒప్పుకోవాలి. పట్టుదల ఉన్న మనిషి కాబట్టి ఆజ్ఞాపించే ధోరణి ఎక్కువని ఆయన కింద పనిచేసిన కొందరికి అనిపించింది. స్నేహం కోరినవాడికి కూడా పదవి వచ్చాక స్నేహితుడిగా ఉండటం సులువు కాదు.

గాంధీగారితో ఆయనకు గట్టి అభిప్రాయభేదం ఉండేది. 1930లలో హరిజనులు గుంపులుగా మతం మారడాన్ని గాంధీగారు తప్పుపట్టారు. ఆ జనానికి మతం సంగతి విచారించి నిర్ణయించుకునే శక్తి లేదన్న వాదనను అజరయ్య గారు ఒప్పుకోలేదు. పల్లెలోని పేదవాడికి కూడా తన మంచి చెడ్డలు ఎంచుకునే బుద్ధి ఉందని, ఆ హక్కు అతనిదేనని ఆయన వాదం. ఇద్దరూ జాతీయవాదులే, ఇద్దరూ ఆ జనం మేలు కోరినవాళ్లే. ఎవరి పక్షం వహించాలో పాఠకుల ఇష్టానికి వదిలేస్తున్నాను. కాని ఒక విషయం మరచిపోకూడదు. 1932లో బ్రిటిషు ప్రభుత్వం మత ప్రాతిపదికన ప్రత్యేక నియోజకవర్గాలు ప్రకటించినప్పుడు, క్రైస్తవులకు అవి వద్దని గట్టిగా చెప్పినవారిలో అజరయ్య గారు ముందున్నారు. అట్లా గిరిగీసుకుని కూర్చుంటే ఇరుగుపొరుగుతో సంబంధం తెగిపోయి, సంఘం ఒక రాజకీయ ముఠా అవుతుందని ఆయన భయం. లాభం వచ్చే గోడను కూడా వద్దన్న మనిషి!

ఆ గోడల మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క సంగతి. ఇంగ్లండులో ఎప్పుడో వాళ్లలో వాళ్లకు వచ్చిన తగాదాల వల్ల ఏర్పడిన శాఖలు, మన పల్లెల్లో ఎందుకు ఉండాలి? పక్క పక్క ఊళ్లలోని ఒకే కులం వాళ్లు, ఒకే చుట్టరికం వాళ్లు, ఒకరు ఆంగ్లికన్, ఒకరు మెథడిస్టు అని విడిపోవడం ఏమిటి? 1919 మే నెలలో తరంగంబాడిలో 33 మంది సమావేశమై సంఘాల ఐక్యత గురించి ప్రకటన చేశారు. వారిలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ముందు నిలిచినవాడు అజరయ్య గారు. అప్పటినుంచి పాతికేళ్లు ఈ పని మీద తిరిగారు, వాదించారు, ఉత్తరాలు రాశారు, 1927లో లొజాన్ సభలకూ వెళ్లారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. రెండేళ్ల తర్వాత 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. దేశానికి స్వాతంత్ర్యం రావడం గాని, తాను కలలుగన్న ఐక్యసంఘం గాని ఆయన కళ్లారా చూడలేదు.

ఆయన దేహాన్ని తిరునెల్వేలికి తీసుకుపోలేదు. డోర్నకల్ మట్టిలోనే, తాను కట్టించిన చర్చి పక్కనే ఉంచారు. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లా. బొగ్గు బళ్లు ఇంకా ఆ జంక్షన్ మీదుగా పోతూనే ఉన్నాయి.

ఆ క్యాంపు తర్వాత రెండేళ్లకు, ఉద్యోగంలో చేరిన కొత్తలో, నేను ఆ పల్లెకు మళ్లీ ఒకసారి పోయాను. ముసలామె గుడిసె తాళం వేసి ఉంది. కొడుకు దగ్గరికి కొత్తగూడెం పోయిందని పక్కింటివాళ్లు చెప్పారు. ఎండన పడి వచ్చినవాణ్ణని కూర్చోబెట్టి చెంబుతో నీళ్లిచ్చారు. తాగాను. దానితో ఆనాటి అబద్ధం చెల్లిపోయిందని నేను అనుకోవడం లేదు. ఇయ్యాల్సినది ఆమెకు, ఇచ్చింది వేరేవాళ్లకు.

మన కాలేజీ నుంచి ఏటా ఎందరో విద్యార్థులు క్యాంపులకు పోతున్నారు. చదువు ముగిశాక ఇతర రాష్ట్రాలకు, ఇతర దేశాలకు పోతున్నారు. కొందరు సేవకు, ఎక్కువమంది ఉద్యోగానికి. క్రైస్తవ మిత్రులు కొందరు మిషను పనికే పోతున్నారు. ఎవరు ఎందుకు పోయినా, వెళ్లిన చోట ఏం నేర్పామన్న లెక్కతో పాటు ఏం నేర్చుకున్నాం, ఎవరింట్లో కూర్చున్నాం, ఎవరి చేతి నీళ్లు తాగాం అన్న లెక్క కూడా రాసుకోండి. ఈసారి డోర్నకల్ జంక్షన్‌లో మీ బండి లేటయితే, ప్లాట్‌ఫారం మీద కూర్చుని రైల్వేవాళ్లను తిట్టుకోకుండా ఊళ్లోకి నడవండి. గుమ్మటాలు కనిపిస్తాయి. ఆ పక్కనే ఆయన ఉన్నారు.